చక్కెర ఆల్కహాళ్లు, ఘన ఉత్ప్రేరకాలు: ఏ బంధాన్ని తెంచాలి, దేన్ని మిగల్చాలి?

ముడి చమురు నుంచి రసాయనాలు తీసే పరిశ్రమకూ, మొక్కల నుంచి వచ్చే పదార్థాలతో అదే పని చేయదలచిన పరిశ్రమకూ మధ్య మౌలికమైన తేడా ఆక్సిజన్ దగ్గర మొదలవుతుంది. చమురులోని హైడ్రోకార్బన్లలో కార్బన్, హైడ్రోజన్ తప్ప దాదాపు మరేమీ ఉండవు కాబట్టి, వాటికి ఆక్సిజన్‌నో క్లోరిన్‌నో తగిన చోట చేర్చడమే పెట్రోరసాయన శాస్త్రం గత శతాబ్దమంతా నేర్చుకున్న విద్య. సార్బిటాల్, జైలిటాల్, గ్లిజరాల్ వంటి చక్కెర ఆల్కహాళ్లలో పరిస్థితి ఇందుకు తలకిందులు. వీటిలో ప్రతి కార్బన్ పరమాణువుకూ ఒక హైడ్రాక్సిల్ సమూహం, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన జంట, అతుక్కొని ఉంటుంది. సార్బిటాల్‌లో ఆరు, జైలిటాల్‌లో ఐదు, కొవ్వుల నుంచి వచ్చినా నిర్మాణంలో ఈ కుటుంబానికే చెందే గ్లిజరాల్‌లో మూడు. కాబట్టి ఇక్కడ చేయవలసిన పని తీసివేత: ఏ హైడ్రాక్సిల్‌ను తొలగించాలి, ఏది మిగల్చాలి, కార్బన్ గొలుసును ఎక్కడ తెంచాలి, ఎక్కడ ముట్టకుండా ఉంచాలి అన్నదే అసలు ప్రశ్న.

ఈ పనికి వాడే ఘన ఉత్ప్రేరకం తాను ఖర్చు కాకుండా చర్యను వేగవంతం చేస్తుంది, చర్య జరిగే ద్రవంలో కరగకుండా విడిగా నిలుస్తుంది. అల్యూమినా, సిలికా, కార్బన్ వంటి ఆధారంపై పలచగా పరచిన లోహపు నానోకణాల రూపంలోనో, ఆమ్లగుణం గల జియోలైట్ అనే సూక్ష్మరంధ్రాల ఖనిజం రూపంలోనో అది ఉంటుంది. వడపోస్తే వేరుపడడం, గొట్టంలో నింపి దాని మీదుగా ద్రవాన్ని ఎడతెగకుండా పారించగలగడం దీని ఆకర్షణ. అయితే ఒకే రకమైన హైడ్రాక్సిళ్లు వరుసగా ఉన్న అణువులో వాటిని వేరుచేసి గుర్తించడం ఏ లోహపు ఉపరితలానికైనా కష్టమే. ఈ రంగంలోని వాదాలన్నీ, పైకి ఎంత భిన్నంగా కనిపించినా, ఈ ఒక్క కష్టం చుట్టూనే తిరుగుతున్నాయి.

పూర్వరంగం

సార్బిటాల్‌ను 1872లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు బుసాంగో రోవన్ చెట్టు పండ్లలో కనుగొన్నాడు. దానిని పండ్ల నుంచి కాక గ్లూకోజ్ నుంచి పెద్ద ఎత్తున తయారుచేయడం 1920లలో అమెరికా ఇంజనీరు ముర్రే రేనీ రూపొందించిన నికెల్ ఉత్ప్రేరకం వల్ల సులువైంది. నికెల్-అల్యూమినియం మిశ్రమలోహం నుంచి అల్యూమినియంను క్షారంతో కరిగించి తీసేస్తే, స్పాంజి వలె గుల్లబారిన నికెల్ మిగులుతుంది. హైడ్రోజన్ ఒత్తిడిలో అది గ్లూకోజ్‌లోని ఆల్డిహైడ్ కొసను ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఈ మెట్టులో ఎంపికకు పెద్దగా తావు లేదు, ఎందుకంటే మార్చవలసిన కొస ఒక్కటే. విటమిన్ సి తయారీకి 1930లలో రైక్‌స్టైన్ రూపొందించిన పద్ధతి సార్బిటాల్‌తోనే మొదలవుతుంది కాని, అక్కడ ఒక ప్రత్యేకమైన హైడ్రాక్సిల్‌ను ఆక్సీకరించే పనిని లోహానికి కాక బాక్టీరియాకు అప్పగించారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోదగినది.

ఆల్కహాల్‌ను మరింత ముందుకు తీసుకుపోయి, హైడ్రోజన్ సాయంతో బంధాలను తెంచే చర్యకు హైడ్రోజినాలసిస్ అని పేరు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హోమర్ ఆడ్కిన్స్, ఆయన సహచరుడు జార్ట్‌మన్ 1933లో కాపర్ క్రోమైట్‌పై చక్కెరలను అధిక ఒత్తిడిలో ఇలా చీల్చి, గ్లైకాల్‌లూ చిన్న ఆల్కహాళ్లూ కలిసిన మిశ్రమాన్ని పొందారు. తరువాత చవకైన చమురు రావడంతో ఈ దారిపై ఆసక్తి సన్నగిల్లింది. 1980లలో ఫ్రాన్స్‌లోని పోయిటియేలో మోంటాసియే బృందం చర్య లోపల ఏం జరుగుతోందో శ్రద్ధగా విడదీసి చూడకపోయి ఉంటే, ఇప్పటి వాదాలకు పదజాలమే ఉండేది కాదు.

2002లో విస్కాన్సిన్‌లోనే కార్ట్‌రైట్, దవ్‌డా, డ్యూమెసిక్ చేసిన పనితో ఈ రంగం మళ్లీ ఊపందుకుంది. సార్బిటాల్, గ్లిజరాల్ వంటి వాటి నీటి ద్రావణాన్ని దాదాపు 500 కెల్విన్ వద్ద ప్లాటినంపై నడిపిస్తే, నీటిని ఆవిరి కానివ్వకుండానే హైడ్రోజన్ వాయువు వస్తుందని వారు చూపారు. రెండేళ్ల తరువాత అమెరికా ఇంధన శాఖ మొక్కల నుంచి తీయదగిన పన్నెండు మూల రసాయనాల జాబితా ప్రకటించినప్పుడు అందులో గ్లిజరాల్, సార్బిటాల్, జైలిటాల్-అరాబినిటాల్ జంట చోటు సంపాదించుకున్నాయి. అదే కాలంలో బయోడీజిల్ పరిశ్రమ పెరిగి, ప్రతి టన్ను ఇంధనంతో పాటు దాదాపు 100 కిలోల గ్లిజరాల్‌ను ఉపఉత్పత్తిగా మిగల్చసాగింది. ధర పడిపోయిన ఆ గ్లిజరాల్‌ను ఏం చేయాలన్న ఆరాటమే ఈ పరిశోధనలో సగానికి కారణమంటే అతిశయోక్తి కాదు.

ఇంధనమా, రసాయనమా

మొదటి చీలిక లక్ష్యం విషయంలోనే వచ్చింది. ఆక్సిజన్‌నంతా తీసేసి పెట్రోలును పోలిన హైడ్రోకార్బన్లు చేయాలన్నది ఒక పక్షం. ఆక్సిజన్‌ను వీలైనంత మిగిల్చి, గ్లైకాల్‌లు, ఈథర్లు, ఆమ్లాల రూపంలో అమ్మాలన్నది మరో పక్షం. సార్బిటాల్ నుంచి హెక్సేన్ చేయవచ్చని డ్యూమెసిక్ బృందమే 2004లో చూపింది. కాని బరువుల లెక్క వేస్తే రెండో పక్షం బలం తెలుస్తుంది. 100 కిలోల సార్బిటాల్ ఒక్క అణువూ వృథా కాకుండా హెక్సేన్‌గా మారినా చేతికి వచ్చేది 47 కిలోలే. మిగిలిందంతా నీరై పోతుంది, పైగా అణువుకు ఆరు హైడ్రోజన్ అణువులు ఖర్చవుతాయి. అదే సార్బిటాల్‌ను రెండు ప్రొపిలీన్ గ్లైకాల్ ముక్కలుగా చీలిస్తే 83 కిలోలు వస్తాయి, హైడ్రోజన్ ఖర్చు సగానికి తగ్గుతుంది. మూడు ఇథిలీన్ గ్లైకాల్ ముక్కలుగా చీలిస్తే, చేరిన హైడ్రోజన్ బరువుతో కలిపి, 102 కిలోలు. ఆక్సిజన్‌ను తీసేయడానికి ఖర్చు పెట్టి, దానితో పాటు బరువునూ పోగొట్టుకోవడం కన్నా, చమురు పరిశ్రమ ఎంతో శ్రమపడి చేర్చే ఆ ఆక్సిజన్‌ను ఉన్నచోటే ఉంచుకోవడం తెలివైన పని. ఈ చర్చలో ఇదొక్కటి దాదాపు తేలిపోయిందనే చెప్పాలి.

కార్బన్ గొలుసు తెగే తీరు

గ్లిజరాల్ నుంచి ప్రొపిలీన్ గ్లైకాల్, అంటే 1,2-ప్రొపేన్‌డయోల్, వచ్చే చర్యపై రెండు వివరణలున్నాయి. మొదటిదాని ప్రకారం ముందు కొస హైడ్రాక్సిల్ నీరుగా పోయి ఎసిటాల్ ఏర్పడుతుంది, తరువాత అది హైడ్రోజన్‌ను తీసుకుంటుంది. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో దాసరి, సప్పెస్ తదితరులు 2005లో కాపర్ క్రోమైట్‌పై 200 డిగ్రీల సెల్సియస్ వద్ద, అంతకుముందు వాడుతూ వచ్చిన వాటికన్నా ఎంతో తక్కువ ఒత్తిడిలో ఈ చర్యను నడిపి, ఎసిటాల్‌ను విడిగా పట్టి చూపడంతో ఈ వివరణకు బలం చేకూరింది. రెండో వివరణ ప్రకారం లోహం ముందు గ్లిజరాల్ నుంచి హైడ్రోజన్‌ను లాగేసి గ్లిజరాల్డిహైడ్‌గా మారుస్తుంది. క్షారం సమక్షంలో అది నీటిని కోల్పోయి పైరువాల్డిహైడ్ అవుతుంది. ఆ తరువాతే లోహం హైడ్రోజన్‌ను తిరిగి ఇస్తుంది.

ఈ రెండూ పరస్పర విరుద్ధాలని చాలాకాలం వాదించుకున్నా, ఇప్పటి ఆధారాలను బట్టి రెండూ నిజమే: ఆమ్ల లేదా తటస్థ మాధ్యమంలో రాగిపై మొదటి దారి, క్షార మాధ్యమంలో రుథేనియం, ప్లాటినంలపై రెండో దారి ప్రబలంగా నడుస్తాయి. రాగికి కార్బన్-కార్బన్ బంధాన్ని తెంచే శక్తి తక్కువ కాబట్టి ప్రొపిలీన్ గ్లైకాల్ కావలసినవారు రాగినే ఎన్నుకుంటారు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఈ విషయంలో చెప్పుకోదగిన కృషి చేశాయి. హైదరాబాదు బృందం రాగి-జింక్ ఆక్సైడ్ ఉత్ప్రేరకాలతో పాటు, రుథేనియంకు ఘన ఆమ్లాన్ని తోడుచేస్తే ఆ ఆమ్లపు బలం ఫలితాన్ని ఎలా మారుస్తుందో కూడా పరిశీలించింది.

గొలుసునే తెంచవలసి వచ్చినప్పుడు చిత్రం ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. ఇందుకు కీలకం రెట్రో-ఆల్డాల్ చర్య. ఒక కార్బన్‌పై ఆల్డిహైడో కీటోనో ఏర్పడితే, దానికి అవతలి రెండు కార్బన్ల మధ్య బంధం బలహీనపడి తెగిపోతుంది. అంటే లోహం తొలుత ఏ హైడ్రాక్సిల్ నుంచి హైడ్రోజన్‌ను లాగిందన్నదాన్ని బట్టే గొలుసు ఎక్కడ తెగుతుందన్నది నిర్ణయమవుతుంది. ఆరు కార్బన్ల గొలుసులో మొదటి కార్బన్‌పై ఆల్డిహైడ్ ఏర్పడితే రెండు, నాలుగు కార్బన్ల ముక్కలు వస్తాయి. రెండో కార్బన్‌పై కీటోన్ ఏర్పడితే మూడేసి కార్బన్ల రెండు ముక్కలు వస్తాయి. జైలిటాల్‌ను కార్బన్‌పై పరచిన రుథేనియంతో, కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, 200 డిగ్రీల వద్ద నడిపితే ఇథిలీన్ గ్లైకాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ జంటగా రావడానికి కారణమిదే. క్షారం తగ్గితే మరో అవాంఛిత దారి తెరుచుకుంటుంది: కొస ఆల్డిహైడ్ కార్బన్ మోనాక్సైడ్‌గా ఊడిపోయి, గొలుసు ఒక్కో కార్బన్ చొప్పున తరుగుతూ పోతుంది. నికెల్, రుథేనియంలపై అలా ఊడిన కార్బన్ చివరకు మీథేన్‌గా వృథా అవుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న తలెత్తింది. చీలిక జరగాలంటే ఆల్డిహైడ్ ఉండాలి. గ్లూకోజ్‌లో అది ముందే ఉంది. హైడ్రోజన్ ఖర్చు పెట్టి గ్లూకోజ్‌ను సార్బిటాల్‌గా మార్చి, మళ్లీ ఆ హైడ్రోజన్‌నే లాగి ఆల్డిహైడ్ చేయడం ఎందుకు? చైనాలోని దాలియన్‌లో ఝాంగ్ తావ్ బృందం 2008లో నికెల్, టంగ్‌స్టన్ కార్బైడ్ కలిపిన ఉత్ప్రేరకంతో సెల్యులోజ్ నుంచి నేరుగా ఇథిలీన్ గ్లైకాల్‌ను 61 శాతం దిగుబడితో తీసి, ఈ ప్రశ్నకు పదును పెట్టింది. అక్కడ టంగ్‌స్టన్ గ్లూకోజ్‌ను చీలుస్తుంది, నికెల్ ఆ ముక్కలకు వెంటనే హైడ్రోజన్ ఇస్తుంది. సార్బిటాల్ ఏర్పడితే అది దారి తప్పినట్టు లెక్క. దీనికి సార్బిటాల్ పక్షం చెప్పే సమాధానంలోనూ పస ఉంది: చక్కెర వేడికి తాళలేక మాడి నల్లటి మడ్డిగా మారుతుంది, దాన్ని పలచటి ద్రావణంగానే నడపాలి, సార్బిటాల్ వేడిని తట్టుకుంటుంది, చిక్కగా నడపవచ్చు.

మధ్య హైడ్రాక్సిల్ చిక్కు

గ్లిజరాల్‌లో కొసలను వదిలి మధ్యలోని హైడ్రాక్సిల్‌ను మాత్రమే తీస్తే 1,3-ప్రొపేన్‌డయోల్ వస్తుంది. బట్టల నూలుకు పనికివచ్చే పాలిస్టర్‌కు ఇది ముడిసరుకు, విలువ ఎక్కువ. ఘన ఉత్ప్రేరకాల శాస్త్రానికి ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఈ రంగంలో లేదు.

జపాన్‌లో తోమిషిగే బృందం 2010లో సిలికాపై ఇరిడియం, రీనియం ఆక్సైడ్ కలిపిన ఉత్ప్రేరకంతో 38 శాతం దిగుబడి సాధించింది. గ్లిజరాల్ తన కొస హైడ్రాక్సిల్‌తో రీనియంకు కట్టుబడుతుందని, పక్కనున్న ఇరిడియంపై చురుకైన హైడ్రోజన్ వచ్చి మధ్య కార్బన్-ఆక్సిజన్ బంధాన్ని నేరుగా ఢీకొంటుందని వారి వివరణ. 2011లో డ్యూమెసిక్, రాబర్ట్ డేవిస్ తదితరులు రోడియం-రీనియం ఉత్ప్రేరకాలపై భిన్నమైన వివరణ ఇచ్చారు: రీనియంపై ఉన్న హైడ్రాక్సిల్ బలమైన ఆమ్లంలా ప్రవర్తించి ప్రోటాన్‌ను ఇస్తుందని, ధనావేశం గల మధ్యస్థ పదార్థం ఏర్పడి, ఆ తరువాత హైడ్రోజన్ చేరుతుందని వారు లెక్కలతో వాదించారు. ఒక పక్షానికి రీనియం అణువును సరైన భంగిమలో పట్టి ఉంచే లంగరు, రెండో పక్షానికి ఆమ్లం. ప్లాటినం-టంగ్‌స్టన్ ఉత్ప్రేరకాల విషయంలో ఆమ్ల వివరణకే మొగ్గు ఎక్కువ: ప్లాటినంపై విడిపోయిన హైడ్రోజన్ టంగ్‌స్టన్ ఆక్సైడ్‌పైకి జారి ప్రోటాన్‌గా మారుతుందని, అది మధ్య హైడ్రాక్సిల్‌ను నీరుగా తీసేస్తుందని భావన. కనేద బృందం 2013లో బోమైట్ అనే అల్యూమినియం ఖనిజంపై ఈ జోడీని పరచి 66 శాతం దిగుబడి చూపింది. హైదరాబాదులో ప్లాటినం ఉత్ప్రేరకాలపై గ్లిజరాల్‌ను ఆవిరి రూపంలో, సాధారణ వాతావరణ పీడనంలోనే నడిపిన ప్రయోగాలు ఖరీదైన అధికపీడన పాత్రల అవసరాన్ని తగ్గించే దిశలో సాగాయి.

ఈ సంఖ్యలు ఎంత ఉత్సాహాన్నిచ్చినా, మార్కెట్లోని మొక్కల ఆధారిత 1,3-ప్రొపేన్‌డయోల్ ఏ లోహం మీదా తయారవడం లేదన్నది మరవరాదు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం లౌడన్‌లో 2006లో మొదలైన కర్మాగారం జన్యుమార్పిడి చేసిన బాక్టీరియాతో గ్లూకోజ్ నుంచి దాన్ని పులియబెట్టి తీస్తుంది. విటమిన్ సి దారిలోనూ, చర్మానికి రంగునిచ్చే సౌందర్య సాధనాల్లో వాడే డైహైడ్రాక్సీఎసిటోన్ విషయంలోనూ జరిగిందిదే: అనేక హైడ్రాక్సిళ్లలో ఒకదాన్ని ఎంచవలసిన ప్రతిచోటా సూక్ష్మజీవి లోహాన్ని వెనక్కి నెట్టింది. ఘన ఉత్ప్రేరకాలు నిలదొక్కుకున్నవి అణువు స్వభావమే దారి చూపే చోట్ల, అంటే హైడ్రోజన్ చేర్చడంలో, కొస హైడ్రాక్సిల్‌ను తీయడంలో, వలయాన్ని మూయడంలో. పరిశోధన డబ్బు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేవారు ఈ విభజనను ఇంకా తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు.

నీటిని తీసే దారి

వలయాన్ని మూసే చర్యకు ఐసోసార్బైడ్ మంచి ఉదాహరణ. ఆమ్లం సార్బిటాల్ నుంచి ఒక నీటి అణువును తీస్తే ఒక వలయం, రెండోదాన్ని కూడా తీస్తే జంట వలయం ఏర్పడుతుంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే ఐసోసార్బైడ్ డైనైట్రేట్ మాత్రకు మూలమిదే. పారదర్శకమైన, గట్టి ప్లాస్టిక్కులకూ ఇది ముడిసరుకు. ఫ్రాన్స్‌లోని లెస్త్రెమ్‌లో రోకెట్ సంస్థ 2015లో ఏటా 20,000 టన్నుల సామర్థ్యంతో దీని తయారీ మొదలుపెట్టింది. సంప్రదాయ పద్ధతిలో వాడే సల్ఫ్యూరిక్ ఆమ్లం ద్రవం. అది పాత్రలను తినేస్తుంది, తటస్థీకరించాక లవణంగా మిగులుతుంది. దాని స్థానంలో అల్యూమినియం తక్కువగా ఉండే బీటా జియోలైట్ వాడి, దాదాపు 127 డిగ్రీల వద్దనే 76 శాతం దిగుబడి సాధించవచ్చని జపాన్‌లో ఫుకువోక బృందం 2015లో చూపింది. అల్యూమినియం తగ్గితే ఆమ్ల కేంద్రాలూ తగ్గుతాయి, అయినా ఫలితం మెరుగుపడుతుంది. ఎందుకంటే అలాంటి జియోలైట్ నీటిని అంతగా ఆకర్షించదు, చర్యలో పుట్టిన నీరు ఆమ్ల కేంద్రాలను ముంచెత్తదు. వలయం తప్పు చోట మూసుకుంటే మాత్రం మరమ్మతు లేదు: అలా ఏర్పడిన 2,5-సార్బిటాన్ మరో వలయంగా మూసుకోలేక అక్కడే ఆగిపోతుంది.

గ్లిజరాల్ నుంచి ఎక్రోలిన్ తీసే దారికి అంత అదృష్టం లేదు. 300 డిగ్రీల ప్రాంతంలో ఘన ఆమ్లాలపై దిగుబడి బాగానే వస్తుంది కాని, ఉత్ప్రేరకంపై బొగ్గు పేరుకొని పని మందగిస్తుంది. గాలితో కాల్చి శుభ్రం చేయడం, చర్యలోనే కొంత ఆక్సిజన్ కలపడం వంటి ఉపాయాలు సమస్యను వాయిదా వేస్తాయే గాని తీర్చవు.

ఆక్సీకరణం, ద్విబంధాల దారి

క్షార మాధ్యమంలో కార్బన్‌పై పరచిన బంగారం గ్లిజరాల్‌ను గ్లిజరిక్ ఆమ్లంగా మారుస్తుందని హచింగ్స్ బృందం 2002లో చూపడం సంచలనమైంది. ఇంకా ఆశ్చర్యకరమైనది 2010లో డేవిస్ బృందం తేల్చిన విషయం: ఆమ్లంలో చేరే ఆక్సిజన్ పరమాణువు గాలి నుంచి కాక నీటి నుంచి, హైడ్రాక్సైడ్ అయాన్ల ద్వారా వస్తుంది, గాలిలోని ఆక్సిజన్ చేసే పని లోహంపై పోగైన ఎలక్ట్రాన్లను తీసుకుపోవడం. పైన చెప్పిన పైరువాల్డిహైడ్ ఇక్కడా కనిపిస్తుంది, హైడ్రోజన్ దొరకనప్పుడు అది లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పక్కపక్కనున్న రెండు హైడ్రాక్సిళ్లను ఒకేసారి తీసి ద్విబంధం మిగిల్చే పద్ధతి ఇంకా కొత్తది. సిరియం ఆక్సైడ్‌పై రీనియం, బంగారం కలిపి గ్లిజరాల్ నుంచి ఎల్లైల్ ఆల్కహాల్‌ను 91 శాతం దిగుబడితో తీసినదీ తోమిషిగే బృందమే.

వేడి నీరు, మలినాలు

ప్రయోగశాల అంకెలకూ కర్మాగారపు అంకెలకూ మధ్య అగాధం ప్రధానంగా నీటి వల్ల ఏర్పడుతోంది. పెట్రోలియం శుద్ధిలో దశాబ్దాలు నిలిచే గామా-అల్యూమినా 200 డిగ్రీలు దాటిన వేడి నీటిలో బోమైట్‌గా మారి, ఉపరితల వైశాల్యాన్ని పోగొట్టుకుంటుంది. వై-రకం జియోలైట్ నిర్మాణం కూలిపోతుంది, జడ్‌ఎస్‌ఎం-5 రకం జియోలైట్ నిలబడుతుంది. ఇందులోనే ఒక ఊరటా ఉంది: గ్లిజరాల్, సార్బిటాల్ అల్యూమినా ఉపరితలానికి అతుక్కొని ఈ మార్పును నెమ్మదింపజేస్తాయని తేలింది. అంటే ఉత్తి నీటిలో చేసిన మన్నిక పరీక్ష అసలు పరిస్థితిని చూపదు.

మలినాల సంగతి వేరు. బయోడీజిల్ కర్మాగారం నుంచి వచ్చే ముడి గ్లిజరాల్‌లో నీరు, మిథనాల్, సబ్బు, లవణాలు కలిసి ఉంటాయి. క్లోరైడు, గంధకం రాగినీ నికెల్‌నూ విషంలా పట్టుకుంటాయి. శుద్ధి ఖర్చు కలిపితే చవకైన ముడిసరుకు అంత చవకగా ఉండదు. కాకినాడలో 2008 నుంచి ఉన్న బయోడీజిల్ కర్మాగారం గ్లిజరిన్‌ను శుద్ధి చేసే అమ్ముతుంది. ఆ శుద్ధి మెట్టును దాటవేయగల ఉత్ప్రేరకం వస్తేనే అటువంటి చోట్ల లెక్క మారుతుంది.

కర్మాగారాల తీర్పు

ప్రొపిలీన్ గ్లైకాల్ దారి నిస్సందేహంగా నెగ్గింది: ఏడీఎం సంస్థ 2011లో ఇల్లినాయిస్‌లోని డెకేటర్‌లో, ఒలియాన్ సంస్థ మరుసటి ఏడు బెల్జియంలో గ్లిజరాల్ నుంచి దాన్ని తీయడం మొదలుపెట్టాయి. ఐసోసార్బైడ్ నిలదొక్కుకుంది. గ్లిజరాల్ నుంచి ఎక్రోలిన్ తీసే దారి, 1,3-ప్రొపేన్‌డయోల్ లోహపు దారి వాణిజ్య స్థాయికి చేరలేదు. చక్కెర నుంచి నేరుగా ఇథిలీన్ గ్లైకాల్ తీసే పద్ధతికి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్‌జైల్‌లో 2019లో ప్రదర్శన కర్మాగారం వచ్చింది. సార్బిటాల్‌ను చీల్చే పద్ధతికి చైనాలో పెద్ద ప్రయత్నమే జరిగినా, ఉత్పత్తుల మిశ్రమం దాని బలహీనత. ఇథిలీన్ గ్లైకాల్ 197 డిగ్రీల వద్ద మరుగుతుంది, దానితో పాటు కొద్దిగా పుట్టే 1,2-బ్యూటేన్‌డయోల్ మరిగే ఉష్ణోగ్రతా దాదాపు అంతే. పాలిస్టర్‌కు కావలసిన శుద్ధత కోసం ఈ రెంటినీ వేరుచేసే స్వేదన స్తంభాలకయ్యే ఖర్చు ఉత్ప్రేరకం ఖర్చును మించిపోగలదు.

ఇంకా తేలనివి

రీనియం, టంగ్‌స్టన్‌ల అసలు పాత్ర మొదటి ప్రశ్న. చర్య జరుగుతుండగా, అధిక పీడనపు నీటిలో, ఆ పరమాణువుల స్థితిని చూడగల పరికరాలు ఇప్పుడిప్పుడే అందుబాటులోకి వస్తున్నాయి. చర్య ముగిశాక ఉత్ప్రేరకాన్ని ఆరబెట్టి చూసిన పాత కొలతలపై రెండు పక్షాలూ అతిగా ఆధారపడ్డాయి. ఇరిడియం, రీనియం రెండూ భూమి పొరల్లో అత్యంత అరుదైనవి కాబట్టి, వాటి పాత్ర అర్థం కాకుండా వాటికి చవకైన బదులు వెతకడం గుడ్డిదెబ్బే అవుతుంది.

రెండోది మన్నిక. మూతపెట్టిన పాత్రలో కొన్ని గంటలు నడిపి, శుద్ధమైన గ్లిజరాల్‌తో వచ్చిన అత్యధిక దిగుబడిని ప్రకటించడం ఈ సాహిత్యంలో ఆనవాయితీ. అలా తీసిన అంకెలను ఒకదానితో ఒకటి పోల్చడం వల్ల ఏ ఉత్ప్రేరకం మెరుగన్నది తెలియదు. నిరంతర ప్రవాహంలో వందల గంటలు, ముడి గ్లిజరాల్‌తో, కరిగిపోయిన లోహాన్ని కూడా కొలిచి చూపిన పనులు తక్కువ. ఈ ఒక్క అలవాటు మారితే సగం వివాదాలు వాటంతటవే సర్దుకుంటాయి.

మూడోది హైడ్రోజన్. అది సహజవాయువు నుంచే వస్తున్నంతకాలం ఉత్పత్తిని మొక్కల ఆధారితమని పూర్తిగా చెప్పలేం. గ్లిజరాల్‌లో కొంత భాగాన్ని డ్యూమెసిక్ చూపిన పద్ధతిలో హైడ్రోజన్‌గా మార్చి, మిగతా భాగానికి అదే పాత్రలో అందించవచ్చు. కాని అందుకు ప్లాటినం వంటి లోహం గొలుసును తెంచాలి, గ్లైకాల్ కావాలంటే గొలుసు తెగకూడదు. ఈ రెండు పనులనూ ఒకే పాత్రలో వేర్వేరు కేంద్రాలకు పంచిపెట్టి, ఒకటి మరొకదాని ముడిసరుకును తినేయకుండా ఆపడం ఎలాగన్నదానికి నిలకడైన సమాధానం ఇంతవరకూ ఏ ఉత్ప్రేరకమూ ఇవ్వలేదు.